విద్యుత్తు పొదుపు – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

కాజీపేట–సికిందరాబాదు రైలు మార్గముపై నున్న స్టేషన్ ఘన్‌పూర్ పూర్వము వరంగల్ జిల్లాలోనిది. 2016లో జనగామ జిల్లాలో చేరినది. ఈ చుట్టుపట్ల గ్రామములకు దేవాదుల ఎత్తిపోతల పథకము వచ్చినను, బోరుబావుల సేద్యము నేటికిని కలదు. బోరు నడచుటకు విద్యుత్తే ఆధారము.

2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోనికి వచ్చినది. ఉచితముగా లభించుదానిని పొదుపు చేయుట యెందుకని కొందరు ప్రశ్నింపవచ్చును. కరెంటు ఉచితమే, కాలిన మోటారును తిరిగి చుట్టించు ఖర్చు ఉచితము కాదు. ట్రాన్స్‌ఫార్మరు కాలి పైరు ఎండినచో ఆ నష్టము రైతుదే.

బోరు మోటార్లు

2005లోనే నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉచిత విద్యుత్తు పొందు రైతులకు నాలుగు సాధనములను నిర్దేశించినది. అవి ఐ.ఎస్.ఐ. గుర్తు గల పంపుసెట్టు, కెపాసిటరు, రాపిడి తక్కువగా నుండు ఫుట్‌వాల్వు, నునుపైన ప్లాస్టిక్ గొట్టము. వీనిలో కెపాసిటరు చిన్నది, ఫలము పెద్దది. మోటారు తనలో అయస్కాంత శక్తిని కల్పించుకొనుటకై లైను నుండి అదనపు కరెంటును లాగికొనును. కెపాసిటరు ఆ అవసరమును మోటారు వద్దనే తీర్చును. అంతట లైనుపై భారము తగ్గి, ఓల్టేజి మెరుగుపడును. 5 అశ్వశక్తి మోటారుకు సాధారణముగా 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు చాలును.

ఒక రైతు మాత్రమే దీనిని అమర్చినచో ఫలితము స్వల్పము; ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులందరును అమర్చినచో ఫలితము స్పష్టము. ఆటోస్టార్టరుల విషయమును అట్టిదే. కరెంటు రాగానే మోటార్లన్నియు ఒక్కసారిగా తిరుగుట వలన ట్రాన్స్‌ఫార్మరుపై భారము పడును. అవసరము లేకున్నను భూగర్భజలము తోడబడును. కావున ప్రచారము ట్రాన్స్‌ఫార్మరు వారీగా జరుగవలెనని మేము సూచించుచున్నాము.

వీధి దీపములు

పాత ట్యూబులైటు చోకుతో కలిపి సుమారు 55 వాట్లు తీసికొనును; 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపము ఆ పని చేయగలదు. 100 దీపములు రాత్రికి 12 గంటలు వెలిగినచో 42 యూనిట్లు, నెలకు 1,260 యూనిట్లు మిగులును. వీధి దీపములకు ప్రత్యేకమైన తీగయు స్విచ్చియు లేనిచో అవి పగలును వెలుగుచుండును. ఆ బిల్లు పంచాయతీ నిధి నుండియే చెల్లును. మురుగు కాలువకు వలసిన ధనము పట్టపగటి దీపమునకు పోవును.

యువతకు శిక్షణ

సాధనములు కొన్నంత మాత్రమున చాలదు. వానిని సరిచూచు పనివారు గ్రామముననే యుండవలెను. పదవ తరగతి ఉత్తీర్ణులైన యువతీ యువకులు ఐ.టి.ఐ.లో రెండు సంవత్సరముల ఎలక్ట్రీషియన్ శిక్షణ పొందవచ్చును. జలాల్‌పూర్‌లో 1995లో నెలకొన్న స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ కూడ గ్రామీణ యువతకు వృత్తి శిక్షణ నిచ్చుచున్నది. ఇట్లు నేర్చినవారికి గ్రామముననే జీవనోపాధి కలుగును. అయితే ట్రాన్స్‌ఫార్మరుపై ఫ్యూజు వేయుట విద్యుత్ సిబ్బంది పని మాత్రమే. ఇతరులు చేయి పెట్టుట ప్రాణాపాయము.

సభ్యులు చేయవలసినవి

1. రెండు నెలల కొకమారు జరుగు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుట.
2. 2018 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము ఏర్పడు వీధి దీపముల స్థాయీ సంఘముచే దీపములను లెక్కించి, బిల్లులతో సరిచూచుట.
3. ట్రాన్స్‌ఫార్మరు వారీగా రైతులను సమావేశపరచుట.
4. శిక్షణకు ఇద్దరు యువకులనో యువతులనో ఎంపిక చేయుట.

డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినము. ఆ నాటికి ఒక్క ట్రాన్స్‌ఫార్మరు క్రిందనైనను ఈ పని పూర్తియైనచో, తక్కిన రైతులు దానిని చూచి తామే ముందుకు వత్తురు.