చెప్పులు వెతుక్కునేటప్పుడు గుర్తొచ్చే జవాబు

ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రికార్డు తిరగేస్తూ, తల ఎత్తకుండానే అడిగారు: "ఓమ్ నియమం చెప్పు బాబూ." కుర్రాడికి అది కొత్తేమీ కాదు. పదో తరగతి నుంచీ వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాడని వాళ్లమ్మ పక్కింటివాళ్లకు చెప్పుకుంటుంది కూడా. "ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టాడు. వాక్యం అక్కడే ఆగిపోయింది. ఆ సమయానికి కుర్రాడి ఉష్ణోగ్రత స్థిరంగా లేదు.

బయటికొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఉండగా నియమం మొత్తం, నిర్వచనం, సూత్రం, గ్రాఫుతో సహా గుర్తొచ్చింది. ఇక లాభమేముంది? లెక్చరర్ "చదవలేదు" అంటారు. ఇంట్లో "ఫోను పట్టుకుని కూర్చుంటే అంతే" అంటారు. కుర్రాడు మాత్రం "నాకు జ్ఞాపకశక్తి లేదు" అని తేల్చేసుకుంటాడు. మూడింటిలోనూ ఈ చివరి మాటే ప్రమాదకరం. వచ్చే పరీక్షకు కూర్చునేటప్పుడు పాఠంతో పాటు ఆ మాటనూ మోసుకెళ్తాడు మరి.

అవసరమైన వేళకు మంత్రం గుర్తు రాకపోవడానికి కర్ణుడికైతే పరశురాముడి శాపం ఉంది. ఇంటర్ కుర్రాడిని ఎవరూ శపించలేదు. అతడి మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులే ఆ పని చూసుకున్నాయి.

భయం వేయగానే ఈ గ్రంథుల నుంచి మొదట అడ్రినలిన్ వస్తుంది. సెకన్లలో గుండె దడ, అరచేతుల్లో చెమట. వెనకాలే కార్టిసాల్ బయలుదేరుతుంది. దీనికి తొందర లేదు. భయం మొదలైన ఇరవై, ముప్పై నిమిషాలకు పతాక స్థాయికి చేరి, తగ్గడానికి గంటో ఆపైనో తీసుకుంటుంది. మెదడులో జ్ఞాపకాల వ్యవహారం చూసే హిప్పోక్యాంపస్ అనే భాగంలో కార్టిసాల్‌ను అందుకునే గ్రాహకాలు దండిగా ఉన్నాయి. కాబట్టి కార్టిసాల్ పెరిగితే ముందు తెలిసేది అక్కడే.

ఈ ముప్పై నిమిషాల లెక్క ఎంత కచ్చితమో ఎలుకలు చూపించాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ మెక్‌గా, ఆయన సహచరులు 1998లో ఈ ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. నీటి తొట్టెలో, నీళ్ల కింద కనబడకుండా ఉన్న చిన్న తిన్నె ఎక్కడుందో ఎలుకలకు నేర్పారు. మర్నాడు పరీక్ష. పరీక్షకు ముందు కొన్నింటి పాదాలకు చిన్న విద్యుత్ షాక్ తగిలించారు. రెండు నిమిషాల ముందు షాక్ తిన్నవి తిన్నెను బాగానే గుర్తుపట్టాయి. నాలుగు గంటల ముందు తిన్నవీ అంతే. అరగంట ముందు తిన్నవి మాత్రం ఎటు ఈదాలో తెలియక తిరిగాయి. ఒత్తిడి హార్మోను తయారు కాకుండా మందు ఇస్తే ఆ తికమక కూడా పోయింది. అంటే నేర్చుకున్నది చెరిగిపోలేదు, బయటికి రాలేదంతే. రికార్డు రూములో ఫైలు భద్రంగానే ఉంది, తెచ్చిచ్చే గుమస్తా సీట్లో లేడు.

రోల్ నంబరు పిలిచేదాకా వరండాలో గోళ్లు కొరుకుతూ మనవాడు నిలబడింది ఎంతసేపు? సుమారు అరగంట.

మరి చెప్పుల దగ్గరికి రాగానే ఎలా గుర్తొచ్చింది? అంతలో కార్టిసాల్ దిగిపోదు కదా. ఇక్కడ రెండో ముద్దాయి ఉంది. ఆ క్షణానికి కావలసిన నాలుగు ముక్కలను పట్టి ఉంచే జాగా మెదడులో ఒకటుంది, దాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. చాలా ఇరుకు గది. "ఫెయిలైతే", "నాన్నకేం చెప్పాలి", "వెనక నిలబడ్డవాడు నవ్వుతున్నాడా" అనే ముగ్గురు చుట్టాలు వచ్చి మంచమంతా ఆక్రమిస్తే ఓమ్ గారికి కూర్చునే చోటు దొరకదు. పరీక్ష అయిపోయిందనగానే చుట్టాలు లేచి వెళ్లిపోతారు. గది వెంటనే ఖాళీ అవుతుంది.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. ఓమ్ నియమం మరిచిన ఆ కుర్రాడికి ఎగ్జామినర్ చొక్కా రంగు, జేబులోని రెండు పెన్నులు, గోడ మీద తేదీ మార్చని క్యాలెండరు పదేళ్ల తర్వాతా గుర్తుంటాయి. పాత జ్ఞాపకాలను బయటికి తేవడానికి అడ్డుపడే హార్మోన్లే, అమిగ్డలా అనే భాగంతో కలిసి, అప్పటి భయాన్ని గట్టిగా నమోదు చేయిస్తాయి. పులి కనబడినప్పుడు పాత పాఠాలు నెమరేసుకోవడం కంటే పులి ఎటు నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకోవడమే మేలు. ఎగ్జామినరు పులి కాదని మెదడుకు ఎవరూ చెప్పలేదు.

మనుషులను ఇలా ఒత్తిడికి గురిచేయడానికి శాస్త్రజ్ఞుల దగ్గర ఒక పద్ధతే ఉంది. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో రూపొందించి 1993లో ప్రకటించారు. ముందు, ఫలానా ఉద్యోగానికి తాను ఎందుకు తగినవాడో ఐదు నిమిషాలు చెప్పాలి. తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి లెక్క చెప్పాలి: 1009, 996, 983... తప్పితే మళ్లీ 1022 నుంచి మొదలు. ఎదుట కూర్చున్నవాళ్లు నవ్వకూడదు, తల ఊపకూడదు. మన పెళ్లిచూపుల్లో అబ్బాయి తరఫు పెద్దలకు ఈ శిక్షణ అవసరం ఉండదు. ఈ పరీక్షలో కార్టిసాల్ మామూలుకంటే రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగింది.

అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి ఉపన్యాసం, లెక్కలనే వాడి ఒక పనికొచ్చే సంగతి కనిపెట్టారు. 2016లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 120 మందికి 30 పదాలు, 30 బొమ్మలు నేర్పారు. సగం మంది వాటిని మళ్లీ మళ్లీ చదువుకున్నారు. మిగతా సగం చూడకుండా గుర్తుచేసుకుంటూ సాధన చేశారు. మర్నాడు కొందరిని ఒత్తిడిలో పెట్టి అడిగారు. తిరిగి చదివినవాళ్లలో ఒత్తిడి లేనివారికి 30లో సగటున 9కి కాస్త తక్కువ గుర్తొస్తే, ఒత్తిడి పడ్డవారికి 7. చూడకుండా సాధన చేసినవాళ్లలో ఒత్తిడి లేనివారికి సుమారు 10, ఒత్తిడి పడ్డవారికి సుమారు 11. అంటే వీళ్లను ఒత్తిడి ఏమీ చేయలేకపోయింది. ఒక జ్ఞాపకాన్ని పలుమార్లు బయటికి తీస్తే దాని దగ్గరికి దారులు ఎక్కువవుతాయని, ఒకటి మూసుకున్నా ఇంకోటి దొరుకుతుందని పరిశోధకుల ఊహ.

పదాల జాబితా వేరు, ఇంటర్ సిలబస్ వేరు. ఆ తేడా ఉండనే ఉంది. అయినా ఫిబ్రవరి రాగానే మందుల షాపుల్లో వరుస కట్టే జ్ఞాపకశక్తి లేహ్యాలకంటే ఇది చవక. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయాలి, తర్వాతే తెరిచి చూసుకోవాలి. పసుపు రంగు పెన్నుతో గీతలు గీస్తూ నాలుగోసారి చదువుతుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, ఎందుకంటే జవాబు కళ్లెదుటే ఉంది. వెనకటి తాతలు అన్నం తింటున్న మనవడిని ఉన్నట్టుండి "ఏడు తొమ్మిదులు?" అని ఉలిక్కిపడేలా అడిగేవారు. ముద్ద నోట్లో ఉండగానే "అరవై మూడు" రావాలి. అదీ ఈ సాధనే.

ఇంతకీ మన కుర్రాడు చెప్పులు తొడుక్కునేలోపు వరండాలో ఉన్నవాళ్లు చుట్టుముట్టారు. "ఏం అడిగార్రా?" ఓమ్ నియమం ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పాడు. వాడు ఆ నియమాన్ని పుస్తకం చూడకుండా పైకి చెప్పడం అదే మొదటిసారి.