బడికి వెరచు బిడ్డ

పదునాలుగేండ్ల బాలుడు బడివేళకు కడుపునొప్పి యని పండుకొనును. ఆ దినము బడి తప్పినంతనే తేరుకొనును. దీనిని నటన యని తలంపరాదు. భయము దేహమునకును నిజముగనే బాధ కలిగించును. అయితే ఇంట నిలిచినందువలన కలుగు ఊరటయే మరునాటి భయమును పెంచును. కావున మొదట వైద్యునిచే పరీక్షింపజేసి, బడిలో నెవరైన బాధించుచున్నారేమో ఓపికతో అడిగి తెలిసికొని, పిదప కొంచెము కొంచెముగా అలవాటు చేయవలయును: నేడు బడి వాకిలి వరకు, కొన్నాళ్లకు ఒక్క పాఠమునకు. విషాదము వీడనిచో, చావు మాట వినవచ్చినచో, జాగు సేయక మానసిక వైద్యుని ఆశ్రయింపవలయును. 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ (14416) ద్వారా తెలుగులోను ఉచితముగా సలహా లభించును. బిడ్డను ఈడ్చుకొనిపోవుటయు తగదు, విడిచిపెట్టుటయు తగదు. వానితో కలిసి నడచుటయే పెద్దల ధర్మము.