ఫైళ్లు తుడుచునప్పుడు కంప్యూటరు స్తంభించినచో

హైదరాబాదు పాతబస్తీలో, మూసీ నదికి దక్షిణమున ఛత్తాబజారు కలదు. పెండ్లి పత్రికలు, కరపత్రములు, రసీదు పుస్తకములు అచ్చువేయు చిన్న ముద్రణాలయములకు ఆ వీధి చిరకాలముగా ప్రసిద్ధి. పూర్వము అచట కాతిబులు కలముతో కాగితముపై ఉర్దూ అక్షరములు తీర్చెడివారు. 1990 దశకమున ఇన్‌పేజ్ అను కంప్యూటరు సాధనము వచ్చిన పిదప ఆ పని చాలవరకు తెరమీదికి మారినది.

అచటి ఒక ముద్రణాలయములో నేను కన్న సంగతి పంచాయతీ సభ్యులకు ఉపకరించునని తోచుచున్నది. యజమాని కొన్ని సంవత్సరముల పాత పెండ్లి పత్రికల ఫైళ్లను ఒక్కసారిగా ఎంచుకొని, తుడిచివేయు మీట నొక్కెను. తెర కదలక నిలిచిపోయినది. ఐదు నిమిషములైన తర్వాత సహాయకుడు విసిగి గోడ స్విచ్చి కట్టివేసెను. మరల తెరచునప్పటికి అదే డ్రైవులోని మరియొక ఫోల్డరు తెరుచుకొనలేదు. అందు ఒక గ్రామపంచాయతీవారి ఇంటిపన్ను జాబితా ఉండెను. గ్రామసభలో చెప్పిన సవరణలన్నియు చేర్చిన ప్రతి అదొక్కటే. పంచాయతీవారు మరల ఇల్లిల్లు తిరుగవలసి వచ్చినది.

ఇట్లేల జరుగునో తెలిసికొనుట కష్టము కాదు. చావడిలోని పెద్ద దస్తరమునకు ముందు విషయసూచిక ఉన్నదనుకొందము. కంప్యూటరు ఫైలును తుడుచుట యనగా సాధారణముగా లోపలి పుటలను చింపుట కాదు. సూచికలో ఆ పేరుమీద గీత గీచి, ఆ చోటు ఖాళీ అని వ్రాసికొనుట. పెద్ద ఫైలు ఒకటియైనచో ఒక గీత చాలును. చిన్న ఫైళ్లు ఏబదివేలున్నచో ఏబదివేల గీతలు. అంతకుముందు వాటి సంఖ్యను, పరిమాణమును కంప్యూటరు లెక్కించుకొనును. వైరసు నిరోధక సాధనము నడుమ ప్రవేశించి ఒక్కొక్క ఫైలును పరీక్షించుటయు కలదు. ఇన్ని పనులు జరుగుచుండగా మనకు తెర నిలిచినట్లే కనబడును.

కాబట్టి మొదట చేయవలసినది వేచియుండుట. పెట్టెమీది చిన్న దీపము మినుకుమినుకు మనుచున్నచో పని సాగుచున్నదని గ్రహింపవలెను. పదిహేను, ఇరువది నిమిషములకును మార్పు లేనిచో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కమారు నొక్కిన టాస్క్ మేనేజరు తెరుచుకొనును. అందు విండోస్ ఎక్స్‌ప్లోరర్ అను పేరును ఎంచుకొని రీస్టార్ట్ అనవలెను. దీనివలన ఫైళ్లను చూపు కిటికీలు మాత్రమే మూసి మరల తెరుచుకొనును. వేరొక సాధనములో మీరు వ్రాయుచున్న లెక్క చెడదు. మూడు మీటలకును యంత్రము పలుకనిచో, వేరు దారి లేనప్పుడు, పవరు మీటను పది సెకండ్లు నొక్కిపట్టి ఆపవచ్చును. సూచిక వ్రాయుచున్న నడుమ కరెంటు పోయినచో ఆ పుట సగము వ్రాసినదై మిగులును గనుక, గోడ స్విచ్చి జోలికి పోకుండుట మేలు.

తిరిగి ప్రారంభించిన పిదప కొద్దికొద్దిగా, ఐదారువందల ఫైళ్లచొప్పున తుడువుడు. ఒక్క ఫైలువద్దనే ఆగుచున్నచో దానిని మరియొక సాధనము తెరచి ఉంచినదేమో చూడుడు. డిస్కు నిండిపోయినను పని మందగించును. రీసైకిల్ బిన్ అను చెత్తబుట్ట ఖాళీ చేయువరకు చోటు మిగులదని పలువురు ఎరుగరు. షిఫ్ట్ మీటతో తుడిచినది ఆ బుట్టలోనికి రాదు. ఆ అలవాటు కార్యాలయమునకు తగదు.

ఇక భయపడవలసిన లక్షణములు వేరు. డిస్కునుండి టిక్కుటిక్కు మను శబ్దము వచ్చుట, తుడుచునప్పుడే గాక తెరచునప్పుడును ఆగుట, ప్రతిసారి ఒకే ఫోల్డరువద్ద నిలుచుట — ఇవి డిస్కు శిథిలమగుచున్నదనుటకు గురుతులు. అట్టి సమయమున తుడుచుట మాని, ముఖ్యమైన కాగితములను వెంటనే వేరొక డిస్కులోనికి ఎత్తుకొనవలెను. తర్వాతనే మరమ్మతు. డ్రైవుపై మౌసు కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లోని టూల్స్ భాగమున చెక్ అనినచో కంప్యూటరు తన సూచికను తానే సరిచూచుకొనును. ఈ వరుస తారుమారు చేయుట పెద్ద పొరపాటు. పరీక్ష డిస్కుచేత చాల శ్రమ చేయించును, శిథిలమైన డిస్కు ఆ శ్రమకే పూర్తిగా పడిపోవచ్చును. పొరపాటున తుడిచినచో ఆ డిస్కుపై క్రొత్తవి వ్రాయక నిపుణునికి చూపవలెను. ఎస్‌ఎస్‌డి అను క్రొత్తరకపు డిస్కులలో తుడిచినది తిరిగి దొరకుట మిక్కిలి అరుదు.

2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్‌లో ఎక్కించిన లెక్కలు మీ కంప్యూటరులో గాక దూరపు సర్వరులో ఉండును. మీ పెట్టె చెడినను అవి పోవు. కాని స్కాను చేసిన దరఖాస్తులు, తీర్మానపు ప్రతులు, పనుల ఛాయాచిత్రములు తరచు మీ పెట్టెలోనే ఉండును. ఎవరైనను కోరిన సమాచారమును నాశనము చేసినచో 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము సమాచారాధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చును. కావున చోటు చాలదని కార్యదర్శి చెప్పినప్పుడు, ఏవి తుడువనున్నారో పట్టిక అడుగుడు.

ఛత్తాబజారులోని ఆ యజమాని నేడు ప్రతి శుక్రవారము పనులన్నిటిని రెండవ డిస్కునకు ఎత్తి, దానిమీద తేదీ వ్రాసిన చీటీ అంటించి ఇంటికి తీసికొనిపోవుచున్నాడు.