సముద్రానికి సున్నం ఎవరు చల్లాలి?

పాతబస్తీలో మా విత్తనాల కొట్టు ముందున్న తాండూరు బండను గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే బుడగలొచ్చాయి, వీడియోలో చూశారు కదా. అది ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. ఆల్చిప్పలదీ అదే సరుకు. కార్బన్ డయాక్సైడ్ కరిగేకొద్దీ నీటి పీహెచ్ తగ్గుతుంది, చిప్ప కట్టడం కష్టమవుతుంది.

400 కోట్ల ఏళ్ల కింద సముద్రం పీహెచ్ 6.6 దగ్గర ఉండొచ్చని ఒక అంచనా. మెల్లగా 8 దాటింది. 5.6 కోట్ల ఏళ్ల కింద కొన్ని వేల ఏళ్లలో సుమారు 0.3 పడిపోయింది, కోలుకోవడానికి లక్ష ఏళ్లకు పైనే పట్టింది.

ఇప్పుడు రెండొందల ఏళ్లలోనే 8.2 నుంచి 8.1కి వచ్చింది. ఇంకా క్షారమేలెండి, కానీ ఆ 0.1 అంటేనే ఆమ్లత సుమారు 30 శాతం పెరిగినట్టు. ఆమ్ల నేలకైతే మనం సున్నం చల్లుతాం. సముద్రానికీ అడుగున సున్నం ఉంది, అది కరిగి సర్దాలంటే వేల ఏళ్లు.