హెచ్.ఐ.వి.కి రేవు చూపేదెవరు?

హెచ్.ఐ.వి. ఒక రెట్రోవైరస్. కణంలో చేరగానే తన ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చుకుని మన క్రోమోజోములో అతికిస్తుంది. అతికించే ఎంజైము ఇంటిగ్రేజ్ వైరస్‌దే. కాని చోటు చూపేది మన ప్రోటీనే! దాని పేరు ఎల్.ఇ.డి.జి.ఎఫ్. గోదావరి రేవులో పంటు తాడు అందుకుని గుంజకు కట్టే మనిషిలాంటిదన్నమాట. ఒక కొసతో ఇంటిగ్రేజ్‌ను, మరో కొసతో చురుగ్గా పనిచేసే జన్యువులున్న చోటును పట్టుకుంటుంది. ఈ సంబంధం 2003లో బయటపడింది. ఆ ప్రోటీన్ తీసేసిన కణాలలో అతుకు బాగా తగ్గింది, చోట్లూ మారాయి. పూర్తిగా మాత్రం ఆగలేదు. వైరస్ అంత మొండిది.

అతికిన డి.ఎన్.ఏ.ను నేటి మందులు పెకలించలేవు. మాత్రలు మానితే అదే మళ్ళీ వైరస్‌లను పుట్టిస్తుంది. ఇంటిగ్రేజ్‌ను అడ్డుకునే డోలుటెగ్రావిర్‌ను హైదరాబాదు కంపెనీలూ తయారుచేస్తున్నాయి. ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రాలలో ఉచితంగా ఇస్తారు.