కొయ్యయిండ్ల కవచము

ఐరోపా ఖండమున ఉత్తరభాగమునందు స్వీడను దేశము కలదు. అచట పైను, స్ప్రూసు వృక్షములతో నిండిన అరణ్యములు మెండు. కావున పల్లెలలోని ఇండ్లు పెక్కు కొయ్యతోనే కట్టబడును. గోడలకు వెలుపలివైపున పలకలను వరుసగా మేకులతో బిగింతురు. తెల్లని కిటికీ చట్రములతో, ఎఱ్ఱని గోడలతో నొప్పు ఆ యిండ్లు చూపఱులకు ఇంపు గొలుపును. ఐనను ఆ యెఱుపు కేవలము అలంకారము కాదు.

కొయ్యకు పరమశత్రువు తేమ. పలకలలోనికి ఇంకిన నీరు బయటికి పోవు దారి లేక నిలిచెనేని బూజు పుట్టి కొయ్యను కుళ్ళజేయును. దట్టమైన రంగుపొర వర్షమును కొంతకాలము ఆపును. కాని ఎండకు అది బీటలు వాఱినచో నీరు లోనికి చొచ్చును. ఆవిరియై తిరిగి వెలువడజాలదు. అప్పుడు పైకి చక్కగా కన్పట్టు గోడ లోలోపల పుచ్చిపోవును.

ఈ చిక్కునకు ఉపాయము ఒక గనినుండి లభించెను. స్టాక్‌హోమునకు వాయవ్యమున ఫాలూన్ అను పట్టణము కలదు. అచట దాదాపు వేయి సంవత్సరములు రాగిని త్రవ్విరి. 1687లో ఆ గని కూలి పెనుగొయ్యి ఏర్పడెను. అది పండుగ దినమగుటచే లోపల పనివారు లేక ప్రాణనష్టము తప్పినది. గని 1992లో మూతపడెను. రాగి తీయగా మిగిలిన రాతికుప్పలు ఏండ్ల తరబడి ఎండవానలకు నలిగి, ఇనుము ఆక్సైడుతో నిండిన మన్నుగా మాఱినవి. ఆ మంటిని కడిగి, కాల్చి, నూఱినచో ఎఱ్ఱని పొడి యగును. తెలుగునాట వాడు జేగురునకు ఎఱుపు నిచ్చునదియు ఈ పదార్థమే.

రంగు చేయు విధము సులభము. మరుగు నీటిలో అన్నభేదిని కరగించి, రై ధాన్యపు పిండిని ఉండలు కట్టకుండ కలిపి ఉడికింతురు. పిమ్మట ఎఱ్ఱపొడిని, కొంత అవిసెనూనెను చేర్తురు. ఈ రంగు గట్టి పొరగా మూసుకొనదు. కావున కొయ్యలోని తేమ ఆవిరియై పోగలదు.

రంగు వేయుటకంటె ముందు చేయు పని ముఖ్యము. పలకల కొనలను, నేలకు దగ్గఱనున్న భాగములను పరీక్షించి, కుళ్ళిన పలకలను తీసి క్రొత్తవి బిగింపవలెను. రాలుచున్న పాత పొడిని గట్టి కుంచెతో దులుపవలెను. ఈ రంగు నూనెరంగుపై నిలువదు. దానిని కొయ్య కనబడునంతవఱకు గీకివేయవలెను. పాత నూనెరంగులలో సీసము ఉండవచ్చును. దాని ధూళి పిల్లలకు మిక్కిలి హానికరము. కావున ముందుగా తడిపి గీకుట, పిల్లలను దూరముగా నుంచుట అవసరము. నునుపైన పలకకంటె గరుకు పలకయే రంగును బాగుగ పట్టుకొనును.

పొడి అడుగున పేరుకొనకుండ తఱచు కలియబెట్టుచు, పలక పొడవున పైనుండి క్రిందికి పలుచగా పూయవలెను. ఒక పలక పూర్తికాక మునుపు ఆపినచో అతుకు కన్పట్టును.

గని మూతపడినను, దాని వ్యర్థమునుండి నేటికిని రంగు తయారగుచున్నది. పనికిరానిదని పాఱవేసిన మన్నే ఇండ్లకు కవచమైనది. కాని కుళ్ళిన పలకను కప్పిపుచ్చిన రంగు ఏ యింటిని కాపాడజాలదు.

ప్రశ్నలు
1. దట్టమైన రంగుపొర కొయ్యకు ఎట్లు కీడు చేయును?
2. ఫాలూన్ ఎఱ్ఱపొడి ఎట్లు లభించుచున్నది?
3. రంగు వేయుటకు ముందు చేయవలసిన పనులెవ్వి?