దారి ఎందుకు అక్కడుంది?

కొత్త ఊరికి వెళ్ళి నెల దాటినవాళ్ళను ఒక ప్రశ్న అడిగి చూడండి: "మీ గది నుంచి కాలేజీకి ఎలా వెళ్తారు?" చాలామంది ఫోన్ తీస్తారు. రోజూ వెళ్ళే దారే, అయినా నోటితో చెప్పలేరు. ఫోన్ తిరగమన్న చోట తిరిగారు, ఆగమన్న చోట ఆగారు. గమ్యం చేరారు కానీ ఊరు వాళ్ళకు పరిచయం కాలేదు.

"నాకు దిక్కులు అస్సలు తెలియవండీ" అని కొందరు ముందే చేతులెత్తేస్తారు. ఈ మాట మానేయండి. దారి తెలుసుకోవడం పుట్టుకతో వచ్చే వరం కాదు, సాధనతో వచ్చే విద్య. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ళ లోపలున్న సుమారు 25,000 వీధుల్ని గుర్తుపెట్టుకోవాలి. ఎలినార్ మెగ్వైర్ అనే శాస్త్రవేత్త బృందం 2000లో వాళ్ళ మెదళ్ళను పరిశీలించింది. దారుల జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ వెనక భాగం వాళ్ళలో మిగతావారికంటే పెద్దదిగా ఉంది. పెద్దగా ఉన్నవాళ్ళే ఈ వృత్తిలోకి వస్తున్నారేమో అన్న అనుమానం అప్పుడు మిగిలింది. 2011లో అదీ తీరింది. శిక్షణకు ముందూ తర్వాతా చూస్తే, నేర్చుకుని పరీక్ష పాసైన వాళ్ళలో ఆ భాగం పెరిగింది, పాస్ కానివాళ్ళలో పెరగలేదు. నేర్చుకుంటే మెదడే మారుతుంది.

ఎలా నేర్చుకోవాలన్నది అసలు విషయం. దానికి స్కాట్లండ్ రాజధాని ఎడింబరోలోని సైకిల్ బాటలు నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. కార్లు తిరిగే రోడ్లతో పనిలేకుండా ఇళ్ళ వెనక నుంచి, వంతెనల కింద నుంచి, చెట్ల మధ్య నుంచి ఊరంతా అల్లుకున్న బాటలవి. అక్కడి యూనివర్సిటీల్లో చదివే మన తెలుగు పిల్లల్లో పాత సైకిలు కొనుక్కున్న ప్రతివాళ్ళూ ఏదో ఒక రోజు వాటి మీదికి వస్తారు. వచ్చి తికమకపడతారు.

తికమకకు కారణముంది. రోడ్డు మీద వీధి పేరుంటుంది, దుకాణం బోర్డుంటుంది, బస్టాపుంటుంది. బాటలో అవేవీ ఉండవు. ఎడింబరో కోట, 251 మీటర్ల ఆర్థర్స్ సీట్ కొండ ఊళ్ళో చాలా చోట్ల నుంచి కనబడతాయి. రెండు గట్ల మధ్య లోతుగా సాగే బాటలోకి దిగితే అవి కూడా కనుమరుగవుతాయి. నెత్తి మీదుగా ఓ వంతెన వెళ్తుంది. అది ఏ వీధో కింద ఉన్నవారికి తెలియదు. అలాంటి చోట మలుపులు లెక్కపెట్టుకోవడం వల్ల లాభం లేదు. ఒక్క ప్రశ్న పనికొస్తుంది: ఈ దారి ఇక్కడ ఎందుకుంది?

ఎడింబరోలో దీనికి ముఖ్యంగా మూడు జవాబులు: రైలు, కాలువ, నది.

రైలుతో మొదలుపెడదాం. ఊరికి ఉత్తరాన ఉన్న బాటల్లో చాలా భాగం పాత రైలు మార్గాలే. పంతొమ్మిదో శతాబ్దంలో రైలు కంపెనీలు లీత్, గ్రాంటన్ రేవుల కోసం పోటీపడి పట్టాలు వేశాయి. లీత్ నార్త్ స్టేషన్‌కు ప్రయాణికుల రైళ్ళు 1962లో ఆగిపోయాయి. తర్వాత పట్టాలు పోయాయి, కట్టలు మిగిలాయి, వాటి మీద సైకిల్ బాటలు వచ్చాయి. ఇది తెలిస్తే చాలు, బాట స్వభావం తెలిసినట్టే. రైలు నిటారుగా ఎక్కలేదు, చటుక్కున తిరగలేదు. కాబట్టి మీ బాట ఉన్నట్టుండి తొంభై డిగ్రీలు తిరిగినా, కాళ్ళు పీకేంత ఎత్తు ఎక్కుతున్నా మీరు రైలు కట్ట వదిలేసి ఏ ర్యాంపు మీదికో పక్క సందులోకో వచ్చేశారన్నమాట. ఆగి వెనక్కి వెళ్ళండి.

రైలు బాటలో ఇంకో చిక్కుంది. దీన్ని గమనించినవాళ్ళు తక్కువ. పట్టాల చీలిక చాలా మెల్లగా విడిపోతుంది. రోజ్‌బర్న్ నుంచి ఉత్తరానికి వెళ్తుంటే క్రెయిగ్‌లీత్ దగ్గర బాట రెండవుతుంది. ఒకటి డేవిడ్‌సన్స్ మెయిన్స్ వైపు, ఇంకొకటి రేవుల వైపు. వెళ్ళేటప్పుడు చీలిక ఎదురుగా కనబడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు పక్క నుంచి ఇంకో బాట వచ్చి కలిసినట్టు మాత్రమే ఉంటుంది, కళ్ళు దాన్ని పట్టించుకోవు. అందుకే ప్రతి కూడలి దగ్గరా ఒకసారి ఆగి వెనక్కి తిరిగి చూడండి. తిరుగు ప్రయాణంలో ఆ చోటు ఎలా కనబడుతుందో ఆ పది సెకన్లలోనే మనసుకెక్కుతుంది. నా ఉద్దేశంలో ఈ ఒక్క అలవాటు ఏ యాప్ కన్నా ఎక్కువ నేర్పుతుంది. ట్రినిటీ ప్రాంతంలో ఫైవ్ వేస్ అనే కూడలి ఉంది. అయిదు దారులు ఒకచోట కలుస్తాయి. అక్కడ వెనక్కి చూడకుండా సాగిపోయినవాళ్ళకు వచ్చేటప్పుడు అయిదూ ఒకలాగే అనిపిస్తాయి.

ఇక కాలువ. యూనియన్ కెనాల్ 1822లో మొదలైంది. ఎడింబరో ఫౌంటెన్‌బ్రిడ్జ్ నుంచి ఫాల్కర్క్ దాకా సుమారు 50 కిలోమీటర్లు. పడవల్ని ఎత్తి దించే లాకులు పెట్టకుండా, కొండల అంచునే ఒకే ఎత్తులో, దాదాపు 73 మీటర్ల దగ్గర, వంకర్లు తిప్పుతూ తవ్వారు. మన గోదావరి, కృష్ణా డెల్టాల్లో మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్ళతో పడవలు లాగేవారు కదా, అక్కడ ఆ పని గుర్రాలు చేసేవి. గుర్రాలు నడిచిన ఆ కాలువ గట్టే ఇప్పటి సైకిల్ బాట. గుర్తు సులువు: గట్టు చదునుగా ఉంటుంది, వంతెనల దగ్గర తప్ప. నీళ్ళు మాత్రం దిక్కు చెప్పవు, కదలికే తెలియదు కాబట్టి. వెళ్ళేటప్పుడు నీళ్ళు ఏ చేతి వైపున్నాయో చూసుకోండి. వచ్చేటప్పుడు రెండో చేతి వైపుండాలి.

నది ఇంకా సులువు. వాటర్ ఆఫ్ లీత్ పెంట్లండ్ కొండల్లో పుట్టి, ఊరి మధ్య నుంచి ఈశాన్యంగా ప్రవహించి, లీత్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీళ్ళతో పాటు వెళ్తే సముద్రం, ఎదురు వెళ్తే బాలెర్నో గ్రామం, కొండలు. దాని పక్కన నడకదారి బాలెర్నో నుంచి లీత్ దాకా ఉంది. అది మొదట నడిచేవారిది, కొన్నిచోట్ల ఇరుకు, కొన్నిచోట్ల మెట్లు. అంతటా సైకిలు మీద వెళ్ళిపోవచ్చని అనుకోకండి.

ఇప్పుడు సైకిల్ బాటగా ఉన్న ఇన్నోసెంట్ రైల్వే మాత్రం పైన చెప్పిన రైలు సూత్రానికి లొంగదు. 1831లో మొదలైన ఈ మార్గంలో గుర్రాలే బండ్లు లాగేవి. సెయింట్ లెనార్డ్స్ దగ్గర 500 మీటర్లకు పైగా పొడవున్న సొరంగముంది. అందులో ముప్ఫై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు, రైలుకు ఇది చాలా ఎక్కువ. పైన స్థిరంగా బిగించిన ఆవిరి యంత్రం తాడుతో బండ్లను పైకి లాగేది కాబట్టి అంత వాలు పెట్టగలిగారు. కారణం తెలిసింది కదా, మినహాయింపు కూడా గుర్తుండిపోతుంది. సొరంగంలో ఫోన్‌కు ఉపగ్రహాల సంకేతం అందదు. ఫరవాలేదు. దిగుతుంటే తూర్పున డడింగ్‌స్టన్ వైపు, ఎక్కుతుంటే ఊరి మధ్యకు. మీ కాళ్ళే చెప్తాయి.

మ్యాపు వద్దని నేను అనడం లేదు. ఎడింబరో బాటలకు ఇన్నర్‌ట్యూబ్ మ్యాప్ అని ఒకటుంది. అక్కడి సైకిళ్ళ సేవాసంస్థ బైక్ స్టేషన్ తయారుచేసింది. లండన్ భూగర్భ రైలు మ్యాపు తరహాలో ఒక్కో బాటకు ఒక్కో రంగు, కలిసే చోట ఒక చుక్క. ఆ తరహాను హ్యారీ బెక్ 1933లో పరిచయం చేశాడు. రైలు ప్రయాణికుడికి దూరాల కన్నా ఎక్కడ మారాలో తెలియడం ముఖ్యమని ఆయన గ్రహించాడు. కొత్త ఊరికి ఇంతకంటే మంచి ఆరంభం లేదు. ముందు నాలుగైదు కూడళ్ళు, వాటిని కలిపే గీతలు మనసులో పడితే చాలు, మిగతా ఊరు వాటికి అతుక్కుంటూ వస్తుంది.

ఇలాంటి పటంలో ఎత్తుపల్లాలు ఉండవు, అది గుర్తుంచుకోండి. స్లేట్‌ఫోర్డ్ దగ్గర కాలువా నదీ ఒకదాన్నొకటి దాటుతాయి. మ్యాపు మీద చూస్తే కూడలే. అక్కడికి వెళ్తే ఎనిమిది కమానుల అక్విడక్ట్ (నీటి వంతెన) మీద కాలువ పైన పోతుంది, నది 20 మీటర్లకు పైగా కింద పోతుంది. ఒకదాని నుంచి ఇంకొకదానికి వెళ్ళాలంటే మెట్లు దిగాలి. అక్విడక్ట్ మీద గట్టు ఇరుకు, రాళ్ళు పరిచిన నేల. సైకిలు దిగి నడిపించుకు వెళ్ళడమే మంచిది.

దారి అడగడానికి మొహమాటపడకండి. కుక్కను తిప్పుకుంటూ వచ్చేవాళ్ళకు ఆ బాటలు కొట్టినపిండి. అడిగే తీరు మాత్రం మార్చుకోండి. "ఇది లీత్‌కేనా?" అంటే ఎదుటివారు సరిగా వినకపోయినా తలూపేస్తారు. "ఈ బాట ఎక్కడికి పోతుంది?" అని అడగండి. అప్పుడు వాళ్ళు ఆలోచించి చెప్తారు, మీకు అదనంగా రెండు పేర్లు కూడా తెలుస్తాయి. కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు కూడా ఇంతే. "ఇలాగే చేయాలా?" అని అడిగినవారికి అవుననే జవాబొస్తుంది. "ఇలా ఎందుకు చేస్తున్నాం?" అని అడిగినవారికి ఆ ఆఫీసు తీరు మొత్తం తెలుస్తుంది.

"ఈ దారి ఇక్కడ ఎందుకుంది?" అన్న ప్రశ్నకు మన ఊళ్ళలో కూడా జవాబులున్నాయి. విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఎటు పోతున్నాయో తెలిసినవారికి ఆ ఊరి సగం అర్థమైనట్టే. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ సంగతి వేరు. పైన సోలార్ పలకల కప్పుతో కొత్తగా వేసిన దారి అది. పాత రైలూ లేదు, కాలువా లేదు, రింగ్ రోడ్డే దానికి ఆధారం. రోడ్డు ఏ చేతి వైపుందో తెలిస్తే నార్సింగి వైపు వెళ్తున్నారో కొల్లూరు వైపు వెళ్తున్నారో తెలిసిపోతుంది.

ఎడింబరోకు వెళ్ళేవారికి ఇంకొక్క మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. క్లాసులు సెప్టెంబరులో మొదలవుతాయి. డిసెంబరు వచ్చేసరికి మధ్యాహ్నం మూడూ నలభై ప్రాంతానికే సూర్యుడు అస్తమిస్తాడు. చీకట్లో కొత్త బాట నేర్చుకోలేరు. అందుకని వెళ్ళిన కొత్తలోనే, వెలుతురున్న ఆదివారాల్లో, తొందర లేనప్పుడు తిరగండి. ఒక బాటను ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి. ప్రతి వంతెన దగ్గరా ర్యాంపు ఎక్కి పైనున్న వీధి పేరు చూసి ఒక కాగితం మీద రాసుకోండి. చలికాలం సాయంత్రం నిర్మానుష్యంగా ఉన్న బాట మీద ఒంటరిగా వెళ్ళాలనిపించకపోతే వెళ్ళకండి. ముఖ్యంగా ఆడపిల్లలకు ఈ మాట మనసారా చెప్తున్నాను, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఏ ర్యాంపు ఏ వీధిలోకి తేలుతుందో, అక్కడ ఏ బస్సు దొరుకుతుందో ఆ కాగితంలో ఉంటే వెంటనే పైకి వచ్చేయొచ్చు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, రెండూ రాత్రే చార్జింగ్ పెట్టుకోండి. వచ్చే ఏడు మీ గదిలోకి కొత్తగా దిగే జూనియర్‌కు సైకిలు అమ్మేటప్పుడు ఆ కాగితం కూడా ఇచ్చేయండి.